కమాండర్‌లో కాంబో-కంట్రోల్ డెక్ కట్టాలంటే గెలిచే టర్న్ నుంచి వెనక్కి రండి

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో నలుగురు కూర్చుని ఆడే కమాండర్ ఫార్మాట్‌కి కంట్రోల్ డెక్ (అవతలివాళ్ల కార్డుల్ని ఆపుతూ నిదానంగా గెలిచే డెక్) కట్టాలనుకునేవాళ్లు చాలామంది ఒకే చోట ఇరుక్కుపోతారు. ఇద్దరు ఆడే ఆటలో కంట్రోల్ లెక్క తేలిక. అవతలివాడి కార్డు ఒకటి నా కార్డు ఒకటితో పోయింది, ఇద్దరం సమానం, నేను ఎక్కువ కార్డులు లాగుతాను కాబట్టి చివరికి గెలుస్తాను. అదే నలుగురి టేబుల్ మీద నేను ఒకరి స్పెల్‌ని (వాళ్లు వేసే కార్డుని) కౌంటర్ చేస్తే, అంటే పడకుండా ఆపేస్తే, నాదొక కార్డు పోయింది, వాళ్లదొక కార్డు పోయింది, మిగతా ఇద్దరూ చేతిలో ఏమీ పోగొట్టుకోకుండా హాయిగా కూర్చున్నారు. పైగా ఒక్కొక్కరికి 40 లైఫ్, ముగ్గురికి కలిపి 120. అందరినీ అణిచిపెట్టి, ఆ తర్వాత ఏదో ఒక పెద్ద క్రీచర్‌తో నెమ్మదిగా 120 లైఫ్ కొట్టేద్దాం అనుకుంటే ఆ ఆట సాగుతూనే ఉంటుంది, ఈలోపు ఎవరో ఒకరు మీ చేయి ఖాళీ అయిన టర్న్ చూసుకుని గెలిచేస్తారు.

అందుకే ఇక్కడ కంట్రోల్‌కి కాంబో కావాలి, అంటే కలిస్తే ఆటనే ముగించేసే రెండు మూడు కార్డుల జత. ముగ్గురినీ ఒకేసారి ముగించేది అదొక్కటే. డెక్‌లో ఉన్న కంట్రోల్ కార్డుల పని టేబుల్ మొత్తానికి కాపలా కాయడం అనుకోకండి. ఆ ఒక్క టర్న్ వచ్చేదాకా మీరు బతికి ఉండాలి, ఆ టర్న్‌లో మీ కాంబోకి ఎవరూ అడ్డు రాకూడదు, ఈ రెండు పనులకి మాత్రమే అవి ఉన్నాయి. డెక్ కట్టేటప్పుడు కూడా ఆ టర్న్ దగ్గరే మొదలుపెట్టి వెనక్కి రండి. ముందు ఎలా గెలుస్తారో రాసుకోండి, తర్వాత దానికి కావలసిన మానా (కార్డులు వేయడానికి కట్టే శక్తి), ఆ కార్డులు చేతికి వచ్చే దారి, వాటికి రక్షణ, అన్నిటికన్నా చివర మిగతావి.

ముందు కమాండర్

కమాండర్‌ని, అంటే డెక్‌కి నాయకుడిగా ఉండే కార్డుని, రంగుల కోసమో, బొమ్మ బాగుందనో ఎంచుకుంటారు, తప్పులేదు. కానీ కాంబో-కంట్రోల్‌కి ఒక ప్రశ్న వేసుకుని చూడండి: నాకు అంతులేని మానా దొరికితే ఈ కమాండర్ దాన్ని ఏం చేసుకుంటుంది? జవాబు ఉంటే మీకు డెక్‌లో ఒక స్లాట్ మిగిలినట్టే, ఎందుకంటే కమాండర్ ఎప్పుడూ కమాండ్ జోన్‌లో (డెక్ బయట దానికున్న చోటులో) సిద్ధంగా ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

నేను ఇక్కడ ఉదాహరణగా థ్రేసియోస్‌ని తీసుకుంటాను. రెండు మానాకి వస్తుంది, నాలుగు మానా కడితే పై కార్డుని స్క్రై చేసి (చూసి పైనే ఉంచి గానీ, అడుగుకి పంపి గానీ), ఆ తర్వాత పైనున్న కార్డు చూపించి, అది ల్యాండ్ (మానా ఇచ్చే నేల కార్డు) అయితే ట్యాప్ అయి (వాడేసినట్టు పక్కకి తిరిగి) బోర్డ్ మీదకి, కాకపోతే చేతిలోకి. మామూలు ఆటలో మానా మిగిలినప్పుడల్లా కార్డు ఇస్తుంది, అంతులేని మానా ఉంటే మొత్తం డెక్‌ని చేతికిస్తుంది. ఆ నాలుగు మానా ఏ రంగైనా ఫర్వాలేదు, రంగు లేనిదైనా పర్లేదు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కింద కాంబో దగ్గరికి వచ్చేసరికి చాలా పెద్దది. పార్ట్‌నర్ (రెండో కమాండర్‌ని పెట్టుకోనిచ్చే గుణం) ఉంది కాబట్టి పక్కన టిమ్నాని పెడితే నీలం, ఆకుపచ్చకి తోడు తెలుపు, నలుపు కూడా వస్తాయి. అప్పుడు ఇద్దరు కమాండర్లు, 98 కార్డుల లైబ్రరీ (లాగుకునే కార్డుల కట్ట). నాలుగు రంగుల ల్యాండ్‌లు సర్దుకోవడం కొత్తవాళ్లకి కష్టం, మీది మొదటి డెక్ అయితే రెండు మూడు రంగుల్లోనే ఉండండి, పద్ధతి మాత్రం ఇదే.

కాంబోలు: కొన్నే, కానీ ఒకదానికొకటి పనికొచ్చేవి

అన్ని కాంబోలూ పెట్టేయాలని ఉంటుంది. పెట్టకండి. కాంబో ముక్క చేతిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏ పనీ చేయని కార్డు, అలాంటివి పన్నెండు ఉంటే మీ చేయి నిండా అవే ఉంటాయి. ఈ డెక్‌కి ఏడు ముక్కలు చాలు.

మొదటిది ఐసోక్రాన్ సెప్టర్, డ్రమాటిక్ రివర్సల్. సెప్టర్ కింద రివర్సల్‌ని పెడితే, రెండు మానా కట్టి సెప్టర్ ట్యాప్ చేసిన ప్రతిసారీ రివర్సల్ కాపీ ఉచితంగా వేయొచ్చు, అది మీ ల్యాండ్‌లు కాని పర్మనెంట్లన్నిటినీ (బోర్డ్ మీద నిలిచి ఉండే కార్డుల్ని) అన్‌ట్యాప్ చేస్తుంది, అంటే మళ్లీ వాడుకునేలా చేస్తుంది, సెప్టర్‌తో సహా. బోర్డ్ మీద సోల్ రింగ్, ఆర్కేన్ సిగ్నెట్ ఉన్నాయనుకోండి. సోల్ రింగ్ ఇచ్చే రెండుతో సెప్టర్‌కి కట్టేస్తారు, సిగ్నెట్ ఇచ్చిన ఒక రంగు మానా మిగులుతుంది, అన్నీ మళ్లీ అన్‌ట్యాప్. ఇలా తిప్పిన ప్రతిసారీ మీకు కావలసిన రంగులో ఒక మానా. కాబట్టి ల్యాండ్‌లు కాని వాటి నుంచి కనీసం మూడు మానా రావాలి. రెండే వస్తే చక్రం తిరుగుతుంది గానీ ఏమీ మిగలదు.

రెండోది బసాల్ట్ మోనోలిత్, రింగ్స్ ఆఫ్ బ్రైట్‌హార్త్. ఇది కాస్త నిదానంగా చదవండి, టేబుల్ మీద వివరించాల్సింది మీరే. మోనోలిత్ ట్యాప్ చేస్తే రంగు లేని మానా మూడు వస్తాయి, మూడు కడితే అన్‌ట్యాప్ అవుతుంది. ఆ అన్‌ట్యాప్ ఎబిలిటీకి రింగ్స్‌తో ఇంకో రెండు కట్టి కాపీ తీస్తారు. కాపీ ముందు రిజాల్వ్ అవుతుంది (దాని ఫలితం జరుగుతుంది), మోనోలిత్ అన్‌ట్యాప్, అసలుది రిజాల్వ్ అయ్యేలోపే మళ్లీ ట్యాప్ చేసి మూడు తీసుకోండి, ఆ తర్వాత అసలుది రిజాల్వ్ అయి ఇంకోసారి అన్‌ట్యాప్, ఇంకో మూడు. కట్టింది అయిదు, వచ్చింది ఆరు. మొదటిసారి తిప్పడానికి మాత్రం మోనోలిత్ ఇచ్చే మూడు కాకుండా బయటి నుంచి రెండు మానా ఉండాలి, చాలామంది ఈ రెండు మర్చిపోయి రింగ్స్ కోసం అంతా ఖర్చుపెట్టేసి కూర్చుంటారు.

ఈ మానా రంగు లేనిది. థ్రేసియోస్‌కి రంగు అక్కర్లేదని పైన చెప్పింది ఇందుకే.

ఇక ముగింపు థాసాస్ ఒరాకిల్. రెండు నీలం మానా. బోర్డ్ మీదకి వచ్చినప్పుడు మీ నీలం డెవోషన్ (మీ బోర్డ్ మీది కార్డుల మానా కాస్ట్‌ల్లో ఉన్న నీలం గుర్తుల సంఖ్య) మీ లైబ్రరీలో మిగిలిన కార్డుల సంఖ్యకి సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో ఉంటే గెలుపు మీదే. థ్రేసియోస్‌తో డెక్ అంతా లాగేశాక ఇది వేస్తే ఆట అయిపోతుంది. మోనోలిత్ దారిలో వెళ్తున్నప్పుడు మాత్రం నీలం ఇచ్చే రెండు ల్యాండ్‌లు ట్యాప్ చేయకుండా పక్కన ఉంచుకోండి, థ్రేసియోస్ తెచ్చే ల్యాండ్‌లు ట్యాప్ అయ్యే వస్తాయి, చేతిలో ఒరాకిల్ పెట్టుకుని నీలం మానా లేక నిలబడటం కన్నా బాధాకరమైంది ఇంకోటి లేదు.

ఎక్కడ ఆపాలి అన్నది కూడా ముందే తేల్చుకోండి. లైబ్రరీ ఖాళీ అయ్యాక ఇంకో కార్డు లాగాల్సి వస్తే మీరు ఓడిపోతారు. అందుకని నేను ఒక్క కార్డు మిగిల్చి ఆపుతాను. ఒరాకిల్ ట్రిగ్గర్ (అది రాగానే జరగాల్సిన పని) స్టాక్ మీద, అంటే జరగడానికి వరసలో, ఉండగా ఎవరైనా ఒరాకిల్‌ని చంపినా థ్రేసియోస్ మానా కాస్ట్‌లో ఉన్న ఒక నీలం గుర్తు డెవోషన్‌ని ఒకటిగా నిలబెడుతుంది, ఒక కార్డుకి ఒకటి సరిపోతుంది. ఎవరైనా నా చేత బలవంతంగా ఒక కార్డు లాగించినా ఆ మిగిల్చిన కార్డు నన్ను కాపాడుతుంది.

ఒరాకిల్‌కే ఇంకో దారి డెమోనిక్ కన్సల్టేషన్. ఒరాకిల్ ట్రిగ్గర్ స్టాక్ మీద ఉండగా ఒక్క నల్ల మానాతో కన్సల్టేషన్ వేసి, మీ డెక్‌లో లేని కార్డు పేరు చెబితే లైబ్రరీ మొత్తం ఎక్సైల్ అయిపోతుంది, అంటే ఆటలోంచి బయటికి పోతుంది. మొత్తం మూడు మానా. ఈ దారిలో ఒరాకిల్‌ని చంపినా లాభం లేదు, డెవోషన్ సున్నా, లైబ్రరీ సున్నా, సమానమే. కన్సల్టేషన్ బదులు టెయింటెడ్ ప్యాక్ట్ కూడా అదే పని చేస్తుంది, కానీ ఒకే పేరుతో రెండు కార్డులు ఎక్సైల్ అయితే ఆగిపోతుంది, కాబట్టి ప్యాక్ట్ పెడితే బేసిక్ ల్యాండ్‌లు ఒక్కో పేరుతో ఒక్కటే ఉండాలి. రెండు ఐలాండ్‌లు ఉన్నాయంటే ఈ కార్డు మీ డెక్‌లో దండగ.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మూడు దారులూ చాలావరకు ఒకే అడ్డుకి పడిపోవు. నల్ రాడ్ వస్తే ఆర్టిఫాక్ట్ ఎబిలిటీలు ఆగిపోతాయి, సెప్టర్, మోనోలిత్ రెండూ పోయాయి, కానీ ఒరాకిల్-కన్సల్టేషన్‌కి ఏమీ కాదు. రూల్ ఆఫ్ లా వస్తే టర్న్‌కి ఒక్క స్పెల్ మాత్రమే, సెప్టర్ ఆగింది, ఒకే టర్న్‌లో ఒరాకిల్, కన్సల్టేషన్ రెండూ వేయలేరు, కానీ బోర్డ్ మీదున్న మోనోలిత్ చక్రం తిరుగుతూనే ఉంటుంది. టార్పర్ ఆర్బ్ వస్తే మూడిటికీ ముగింపైన ఒరాకిల్‌కి దెబ్బ, కర్స్డ్ టోటెమ్ వస్తే థ్రేసియోస్‌కి. మీ డెక్‌కి వేరే కాంబోలు ఎంచుకున్నా ఈ పరీక్ష తప్పకుండా పెట్టండి: ఒక్కో అడ్డు కార్డు పేరు రాసి, దాని ఎదురుగా ఇంకా బతికి ఉన్న దారి ఏదో రాయండి. ఎదురుగా ఖాళీ మిగిలితే ఆ కార్డుని తీసేసే రిమూవల్ ఒకటి డెక్‌లో ఉండి తీరాలి.

చేతికి ఎలా వస్తాయి

లైబ్రరీలో 98 కార్డులు, ప్రతిదీ ఒక్కటే కాపీ. ఎనిమిదో టర్న్‌కి, వేరే ఏ సాయం లేకపోతే, మీరు చూసేది 15 కార్డులు. ఒక కాంబోకి కావలసిన ఆ రెండు కార్డులూ ఆ 15లో ఉండే అవకాశం సుమారు 2 శాతం. ట్యూటర్‌లు (డెక్‌లోంచి కావలసిన కార్డుని వెతికి తెచ్చేవి), డ్రా (అదనంగా కార్డులు లాగించేవి) లేకుండా కాంబో డెక్ ఎందుకు నడవదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ట్యూటర్‌లు ఏడు పెట్టండి. డ్రా విషయానికి వస్తే నలుగురి ఆటలో మనకి కలిసొచ్చేది ఇక్కడే. ఒక కార్డు ఇచ్చి పోయేవాటి కన్నా ప్రత్యర్థులు ఏదైనా చేసిన ప్రతిసారీ కార్డు ఇచ్చేవి ఏరుకోండి. రిస్టిక్ స్టడీ ఉంటే ముగ్గురిలో ఎవరు స్పెల్ వేసినా ఒక మానా ఎక్కువ కట్టాలి, లేదా మీకు కార్డు. మిస్టిక్ రెమోరా మొదటి టర్న్‌లోనే ఒక్క మానాకి పడుతుంది, అందరూ మానా రాళ్లు (సోల్ రింగ్ లాంటి మానా ఇచ్చే కార్డులు) వేసే మొదటి రెండు మూడు టర్న్‌ల్లోనే తన ఖరీదు రాబట్టుకుంటుంది, ఆ తర్వాత అప్‌కీప్ (దాన్ని ఉంచుకోవడానికి టర్న్ మొదట్లో కట్టే మానా) కట్టలేక వదిలేసినా బాధపడొద్దు. ఇలాంటి డ్రా కార్డులు పది ఉంటే మొదటి పది కార్డుల్లో కనీసం ఒకటైనా కనిపించే అవకాశం మూడింట రెండొంతులు. టిమ్నా వల్ల చిన్న చిన్న క్రీచర్‌లు కూడా కార్డులు తెస్తాయి, దెబ్బ తగిలిన ఒక్కో ప్రత్యర్థికి మీరు ఒక లైఫ్ కట్టి ఒక కార్డు లాగొచ్చు.

మొత్తం లెక్క నా చేతిలో ఇలా తేలుతుంది: ల్యాండ్‌లు 34, మానా ఇచ్చే రాళ్లు, చిన్న క్రీచర్‌లు 13, డ్రా 10, ట్యూటర్‌లు 7, కాంబో ముక్కలు 7, కౌంటర్లు 9, చవక రిమూవల్ 6, గెలిచే టర్న్‌కి రక్షణ 4, బోర్డ్ తుడిచేవి 3, గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నుంచి వెనక్కి తెచ్చేవి, ఇతరాలు 5. అంతా కలిపితే 98. మీ టేబుల్ మీద క్రీచర్‌లతో కొట్టేవాళ్లు ఎక్కువైతే తుడిచేవి ఇంకో రెండు పెంచి ట్యూటర్‌లు తగ్గించుకోండి. ల్యాండ్‌లు మాత్రం తగ్గించకండి, దయచేసి.

ఏది కౌంటర్ చేయాలి, ఏది వదిలేయాలి

చేతిలో కౌంటర్ ఉంది కదా అని వేయడం ఈ డెక్‌ని చంపే అలవాటు. రెండే రెండు సందర్భాల్లో వేయండి: ఆ స్పెల్ పడితే మీరు ఓడిపోతారు, లేదా ఆ స్పెల్ పడితే మీరు గెలవలేరు. ఎవరో పెద్ద డ్రాగన్‌ని దించారు. అది మీ మీదకే వస్తుందని ఖాయమా? ముగ్గురు ప్రత్యర్థులు ఉన్నారు, దాని గురించి మిగతా ఇద్దరికీ మీకున్నంత టెన్షన్ ఉంది, వాళ్లను తేల్చుకోనివ్వండి. క్రీచర్‌ని తర్వాత తీసేయడానికి ఒక్క మానా స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ ఉంది, అందరి బోర్డూ పెరిగిపోతే టాక్సిక్ డెల్యూజ్ ఉంది. ఒక్క కార్డుతో ముగ్గురి దగ్గరా నాలుగైదు కార్డులు తీసేస్తే అది నలుగురి ఆటకి తగ్గ బేరం.

ఎవరైనా గెలిచే స్పెల్ వేసినప్పుడు ప్రయారిటీ (జవాబిచ్చే వంతు) వరస చూసుకోండి. వేసిన మనిషి తర్వాతి సీటు నుంచి వరసగా తిరుగుతుంది. మీరు చివరి సీటులో ఉంటే ముందు ఇద్దరూ ఏం చేస్తారో చూసి నిర్ణయించుకోవచ్చు, ఇది చాలా పెద్ద అదృష్టం. మీరే మొదటివాళ్లైతే, వెనకాలవాళ్ల దగ్గర జవాబు ఉందనే ఆశతో వదిలేయడం మీ ఆటని పణంగా పెట్టడమే. వెనక సీటు మనిషి నీలం మానా మూడు తెరిచి ఉంచి, చేతిలో ఆరు కార్డులు పట్టుకుని కూర్చుంటే వదలొచ్చు. అందరూ ట్యాప్ అయిపోయి ఉంటే మాట్లాడకుండా కౌంటర్ వేయండి. చేతిలో ఉన్నదాని గురించి అబద్ధం చెప్పడానికి ఆటలో అనుమతి ఉంది, అయినా నేను చెప్పను. రోజూ అదే నలుగురితో ఆడేటప్పుడు మీ మాట నమ్మే టేబుల్ ఒక కౌంటర్ కన్నా విలువైనది.

కౌంటర్లు ఏరేటప్పుడు ఖరీదు చూడండి. స్వాన్ సాంగ్ ఒక్క మానా. ఫియర్స్ గార్డియన్‌షిప్ మీ కమాండర్ బోర్డ్ మీద ఉంటే ఉచితం, థ్రేసియోస్ రెండు మానాకే దిగుతుంది కాబట్టి ఇది దాదాపు ఎప్పుడూ ఉచితమే. ప్యాక్ట్ ఆఫ్ నెగేషన్ ఉచితం, కానీ మీ తర్వాతి టర్న్ మొదట్లో, అప్‌కీప్‌లో, అయిదు మానా కట్టాలి, లేదంటే ఓటమి. గెలిచే టర్న్‌లో వేస్తే తర్వాతి అప్‌కీప్ రానే రాదు. అలా వేయడానికే దాన్ని దాచుకోండి.

ఆ టర్న్ ఎప్పుడు

ముక్కలు చేతికి రాగానే వేసేయాలనిపిస్తుంది. ఆగండి. సరైన సమయం సాధారణంగా ఎవరో ఒకరు గెలవడానికి ప్రయత్నించి, మిగతావాళ్లు ఉన్న కౌంటర్లన్నీ దాని మీద ఖర్చుపెట్టిన వెంటనే వచ్చే మీ టర్న్. అది రాకపోతే మీరే తయారుచేయాలి. మీకు ముందు సీటు మనిషి ఎండ్ స్టెప్‌లో ఏడు మానాతో సైక్లోనిక్ రిఫ్ట్ ఓవర్‌లోడ్ చేస్తే (ఎక్కువ మానా కట్టి అన్నిటి మీదా పనిచేయిస్తే) మీవి తప్ప ల్యాండ్‌లు కాని పర్మనెంట్లన్నీ చేతుల్లోకి వెళ్తాయి, అడ్డుగా ఉన్న నల్ రాడ్‌లు, టార్పర్ ఆర్బ్‌లు అన్నీ, మీరు అన్‌ట్యాప్ చేసి మొదలుపెడతారు. గెలిచే ముక్కలు చేతిలో లేకుండా మాత్రం రిఫ్ట్ వేయకండి, అందరూ మళ్లీ అవే కార్డులు వేసుకుంటూ ఇంకో గంట గడుస్తుంది, టేబుల్ అంతా మీ మీద కోపంగా ఉంటుంది.

మీ టర్న్ మొదలయ్యాక ముందు సైలెన్స్ వేయండి. అది పడితే ఆ టర్న్‌లో ప్రత్యర్థులెవరూ స్పెల్ వేయలేరు. దాన్నే ఎవరైనా కౌంటర్ చేశారంటే ఒక కౌంటర్ బయటికొచ్చింది, ఇప్పుడు మిగతావాళ్ల తెరిచిన మానా చూసి ముందుకెళ్లాలో, ఈ టర్న్‌కి ఆపి డ్రా చేసుకోవాలో నిర్ణయించండి. ముక్కలు ఇంకా చేతిలోనే ఉన్నాయి, మీరు పోగొట్టుకున్నది ఒక్క తెల్ల మానా, ఒక కార్డు.

ఆరంభ చేయి విషయంలో ఒక్క మాట. నలుగురి ఆటలో మొదటి మల్లిగన్ (చేయి వదిలేసి కొత్త చేయి లాగడం) ఉచితం, వాడుకోండి. రెండు మూడు ల్యాండ్‌లు, ఒక మానా రాయి, ఒక డ్రా ఇంజిన్ ఉన్న చేయి ఉంచండి. రెండు కాంబో ముక్కలు, ఒక్క ల్యాండ్ ఉన్న చేయి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

టేబుల్‌కి సరిపోయే డెక్

ఆట మొదలవ్వకముందే మీది కాంబో డెక్ అని చెప్పండి. కమాండర్‌కి ఇప్పుడు అయిదు బ్రాకెట్ల (డెక్ బలాన్ని బట్టి స్థాయిల) పద్ధతి ఉంది, గేమ్ చేంజర్స్ అనే మరీ బలమైన కార్డుల జాబితా ఉంది. ఒరాకిల్, రిస్టిక్ స్టడీ, సైక్లోనిక్ రిఫ్ట్ లాంటివి అందులో ఉన్నవే, మూడో బ్రాకెట్‌లో అలాంటివి మూడుకి మించకూడదు, ఆట మొదట్లోనే రెండు కార్డులతో ముగించే కాంబోలూ ఉండకూడదు. పైన చెప్పిన డెక్ ఉన్నదున్నట్టుగా నాలుగు, అయిదు బ్రాకెట్లకి సరిపోయేది. మూడో బ్రాకెట్ టేబుల్‌కి తీసుకెళ్లాలంటే కన్సల్టేషన్, టెయింటెడ్ ప్యాక్ట్ తీసేయండి, ట్యూటర్‌లు సగానికి పైగా తగ్గించండి, మూడు నాలుగు ముక్కలు కావలసిన నిదానమైన కాంబోలు పెట్టండి. పాత డెక్ లిస్టులు చూసి కట్టేవాళ్లు తేదీ గమనించాలి: మానా క్రిప్ట్, జువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ 2024 సెప్టెంబర్‌లో బ్యాన్ అయ్యాయి, అంతకుముందు లిస్టుల్లో అవి చాలావాటిలో ఉంటాయి. అదే నెలాఖరులో ఫార్మాట్ నిర్వహణ కూడా స్వతంత్ర రూల్స్ కమిటీ నుంచి ఆటని తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ చేతికి వెళ్లింది, కాబట్టి బ్యాన్ జాబితా, గేమ్ చేంజర్స్ జాబితా వాళ్ల దగ్గరే చూసుకోండి.

కార్డులు కొనేముందు కాగితం ముక్కల మీద పేర్లు రాసి, పాత కార్డుల మీద పెట్టి ఒంటరిగా ఆడి చూడండి. ప్రతిసారీ ఒకటే రాసుకోండి, రక్షణతో సహా గెలవగలిగే స్థితికి ఏ టర్న్‌లో చేరాను అని. ఆ తర్వాత నిజమైన టేబుల్ మీద ఆడినప్పుడు ఆట అయ్యాక చేతిలో మిగిలిపోయిన కార్డులు చూసి వాటి పేర్ల పక్కన ఒక గీత పెట్టండి. గీతలు ఎక్కువైన కార్డు ఎంత ఇష్టమైనదైనా తీసేసి ఒక ల్యాండో, ఒక చవక కౌంటరో పెట్టండి. కాంబో ముక్కకే గీతలు ఎక్కువగా పడుతున్నాయంటే దాన్ని తీయకముందు దాని జత కార్డుని తెచ్చే ట్యూటర్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, సాధారణంగా లోటు అక్కడే ఉంటుంది.